మీ పాప స్వరూప

శనివారం పొద్దున్నే నల్లగొండలో హైదరాబాదు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది, గాలి చల్లగా ఉంది, అయినా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ముందురోజు మా చిన్నమ్మ కూతురు స్వరూప ఫోన్ చేసి, "చదువు బంద్ చేస్తున్న అక్కా" అని ఏడ్చింది.

స్వరూపకు నలభై ఒక్కేళ్లు. మన్సూరాబాద్‌లో కాపురం, అంగన్‌వాడీలో ఆయా. పదో తరగతి పాసైతే టీచర్ పోస్టుకు పెట్టుకోవచ్చని ఆశ. ఓపెన్ టెన్త్ కట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పెద్దవాళ్ల బ్యాచ్‌లో చేరింది. ఆ సెంటర్ చూసిపెట్టింది నేనే. పెద్దవాళ్లకు ఎలా చదువు చెప్పాలో టీచర్లకు నేర్పడం నా ఉద్యోగం మరి.

పోయిన వారం లెక్కల పరీక్ష పెట్టారు. ఆ సాయంత్రం ఆమె భర్త యాదగిరి ఫోనుకు మెసేజ్ వచ్చింది: "మీ పాప స్వరూపకు లెక్కల పరీక్షలో 25కు 4 మార్కులు వచ్చాయి. ఇంట్లో శ్రద్ధగా చదివించగలరు." యాదగిరి ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆ మెసేజ్‌ను ఆటోల అడ్డా మీద పైకి చదివి అందరినీ నవ్వించాడు.

పక్క సీట్లో చౌటుప్పల్ పోయే పెద్దమ్మ నా వైపు చూసి, "ఏడికి బిడ్డా, మొకం గట్ల పెట్టుకున్నవ్?" అంది.

"కొట్లాటకు" అన్నాను.

"అయితే ఏమన్న తిని పో" అని సంచిలోంచి రెండు మురుకులు తీసి ఇచ్చింది. తిన్నాను.

పదింటికి ఎల్‌బీ నగర్‌లో దిగాను. కొత్తగా వెళ్లేవాళ్లు ఆటోల జోలికి పోకుండా మెట్రో ఎక్కడం మంచిది, దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషనే. కిందికి దిగితే ఎటు చూసినా కోచింగ్ బోర్డులు, వాటి నిండా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు. మన సెంటర్ బట్టల దుకాణం పైన రెండో అంతస్తు. మెట్లు ఇరుకు, లిఫ్టు లేదు. బండి దగ్గర ఇడ్లీ తిని పైకి వెళ్లాను.

మేనేజరు కోస్తా వైపు కుర్రాడు, మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. నేను చెప్పిందంతా విని, "ఇంటర్ పిల్లలకైనా పెద్దవాళ్లకైనా మా సిస్టమ్ ఒకటేనండి. టెస్టు అవగానే గార్డియన్‌కి మెసేజ్ వెళ్లిపోద్ది. భయం ఉంటేనే కదండీ మోటివేషన్" అన్నాడు.

నా సహనం అక్కడితో అయిపోయింది. పిల్లలు అమ్మానాన్నలు పంపితే వస్తారు. స్వరూప తన అవసరం కొద్దీ వచ్చింది, ఇంటి పనీ అంగన్‌వాడీ పనీ ముగించుకుని, బస్సులో నిలబడి వచ్చింది. ఆసక్తి వెంట తెచ్చుకునే వచ్చింది, వీళ్లు కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. ఈ లెక్క ఎందుకు పనికొస్తుందో చెప్పాలి, ఆమె రోజూ పిల్లలకు కొలిచే బియ్యం, పప్పుతో మొదలుపెట్టాలి, తప్పుంటే ఆమెకే చెప్పాలి. ఇదంతా గొంతు పెంచే చెప్పాను. పక్క గదిలో క్లాసు ఆగిపోయింది.

"మరి గార్డియన్ నంబర్ మార్చమంటారాండీ?" అన్నాడతను. నా నంబరిచ్చాను. వెంటనే ఎక్కించాడు. గెలిచినట్టే మెట్లు దిగాను.

మధ్యాహ్నానికి మన్సూరాబాద్ చేరాను. యాదగిరి గుమ్మంలోనే ఉన్నాడు. "నేనేం తిట్టలే వదినె. మెసేజ్ ఒస్తే చదివిన, అంతే" అన్నాడు. నాలుగు చీవాట్లు పెట్టేసరికి ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. స్వరూప అన్నం వడ్డిస్తుంటే, ఇకమీద మెసేజ్‌లు నాకే వస్తాయని గొప్పగా చెప్పాను.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నా మార్కులు నీకెందుకక్కా? ఆయన జాగల నువ్వొచ్చినవ్, గంతే. నేను పాపనే ఉన్న."

గరిటె మళ్లీ అందుకుని అంది: "నాలుగొస్తే నాలుగొచ్చినయని నాకు చెప్పమను. నా ఒక్కదానికే. అట్లయితే సోమారం పోత, లేకుంటే లేదు."

ఊరూరా తిరిగి శిక్షణ ఇచ్చే నాకు ఈ ముక్క ఆమె చెప్పాల్సి వచ్చింది. పొద్దుటి కోపంలో సగం నా మీదికే మళ్లింది.

సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో తిరుగు బస్సెక్కాను. సీటు లేదు. హయత్‌నగర్‌లో ఎవరో దిగితే కూర్చుని, మేనేజరుకు ఫోన్ చేశాను.

"నా నంబర్ తీసెయ్యి బాబూ."

"మరి ఎవరిది పెట్టమంటారండీ?"

"స్వరూపది."

"ఆవిడ స్టూడెంట్ కదండీ."

"ఆమెకు నలభై ఒక్కేళ్లు" అన్నాను. రూల్ అన్నాడు, సార్‌ని అడగాలన్నాడు, సోమవారం చూస్తానన్నాడు. చౌటుప్పల్ దాటినా నేను ఫోన్ పెట్టెయ్యలేదు. బస్సులో సగం మంది నావైపే చెవులు పెట్టారు. చివరికి అతనే విసిగిపోయి, "సరేనండీ, మార్చేశాను. ఆవిడ ఒక్కరికేనండి, స్పెషల్ కేస్ కింద" అన్నాడు.

స్వరూపకు ఫోన్ చేసి చెప్పాను. సోమవారం పోతానంది. సంతోషించాల్సిందే, కానీ నాకు సంతోషం రాలేదు. ఆ బ్యాచ్‌లో మిగిలిన ఆడవాళ్ల మార్కులను ఇవాళ కూడా మొగుడో కొడుకో చదువుతుంటాడు. నలభై దాటిన మనిషి తన మార్కులు తాను తెలుసుకోవడం అక్కడ స్పెషల్ కేసు.