ఈశ్వరమ్మగారి తాళంచెవి

మంచు ఎత్తే పారతో కారు చక్రం ఎత్తే మనిషిని కెనడాలోని ఈ స్కార్‌బరోలో నేను ఒక్కరినే చూశాను. పేరు ఈశ్వరమ్మ. వయసు డెబ్భై ఆరు. అడిగితే దాచకుండా చెబుతారు, చెప్పాక "అయితే ఏంటట?" అని కూడా అంటారు.

ఏటా శీతాకాలం ముందు గరాజ్‌లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటారు. జాకీతో కారు లేపుతారు. మంచు మీద జారకుండా పట్టుండే చలికాలపు చక్రాన్ని పార మీదికి దొర్లించి, పార కింద చెక్కముక్క పెట్టి, పిడిని నొక్కితే చక్రం బోల్టుల ఎత్తుకు లేస్తుంది. నట్లు వరసగా బిగించరు. ఒకటి బిగించి దాని ఎదురుది బిగిస్తారు. చక్రం ఒకపక్కకి ఒరగకుండా ఉండాలంటే అంతే. చివర టార్క్ రెంచ్ పెడతారు. సరిపడా బిగిసిందంటే టక్‌మని చెప్పే పొడుగాటి స్పానర్ అది.

పక్కింటివాణ్ణి, చక్రాల పిచ్చి నాకూ ఉంది. నల్లమల ఘాట్ ఎక్కేముందు లారీ డ్రైవర్లు ఇనపకడ్డీతో టైరు మీద కొట్టి, మోతను బట్టి గాలి ఎంతుందో చెప్పడం చూశాను. కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనపకమ్మిని బండిచక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే, కమ్మి బిగుసుకుంటూ కర్రను మూలిగించడం విన్నాను. చక్రం కనిపెట్టినవాణ్ణి పొగిడే పుస్తకాలు చాలా చదివాను. అది ఊడకుండా పట్టి ఉంచేదాన్ని కనిపెట్టినవాడి గురించి మాత్రం ఒక్క పేజీ దొరకలేదు.

ఈశ్వరమ్మగారిది చీరాల. నాన్నగారికి అద్దె సైకిళ్ళ షాపు. మహర్నవమి నాడు స్పానర్లకీ పంపుకీ పసుపు రాసి కుంకుమ పెట్టేవారట. పెళ్ళయ్యాక కెనడా వచ్చి ఆసుపత్రి లాబ్‌లో రిటైరయ్యే దాకా పనిచేశారు. భర్త అమరేశ్వరరావుగారు వంతెనలు కట్టిన ఇంజినీరు. మంచులో స్టీరింగ్ ముట్టుకోమంటే మాత్రం వెళ్ళి పక్క సీట్లో కూర్చునేవారు. నడిపింది ఎప్పుడూ ఈవిడే. తొలి చలికాలంలో కారు జారి గుంటలో దిగబడితే, లాగడానికి వచ్చిన టో ట్రక్కువాడు టైర్ల గురించి చెప్పాల్సిందంతా అమరేశ్వరరావుగారికే చెప్పాడట. "డ్రైవర్ని నేను, పాఠం ఆయనకి!" అని ఇప్పటికీ మండిపడతారు. ఆ వసంతంలోనే జాకీ కొన్నారు. ఆ మంటే ఆవిణ్ణి ఇన్నేళ్ళు నడిపింది.

ఆయన పోయాక కొడుకు సాకేత్ తాళంచెవి మీద కన్నేశాడు. మార్కమ్‌లో కంప్యూటర్ కంపెనీ ఉద్యోగం, మంచివాడు, భయస్తుడు. పోయిన శీతాకాలం తల్లిచేత మాట తీసుకున్నాడు. వయసు వల్ల కారుకి ఏమైనా జరిగితే, ఆ రోజే తాళం ఇచ్చేయాలి.

"సరే, ఇస్తా. వయసు వల్లయితేనే," అన్నారావిడ.

ఈ ఏడు చలి తొందరగా వస్తుందన్నారు. నవమి నాటికే చలికాలపు చక్రాలు గరాజ్‌లో నేలమీద పరిచి ఉన్నాయి. ఎప్పుడూ కారుకి బిగించి ఉన్న చక్రాలకే పూజ జరిగేది. ఈసారి విడిగా, ముందూ వెనకా తిప్పి మరీ ముద్దపసుపు పట్టించారు. పక్క వీధి శ్యామల కుంకుమ పెట్టింది. నేను ప్రసాదం తిన్నాను. మర్నాడు ఆ చక్రాలే ఎక్కాయి. బిగిస్తుంటే ప్రతి నట్టుకీ టక్‌మన్న చప్పుడు నేను విన్నాను.

తరవాతి వారం, మార్కమ్ లైబ్రరీలో నేను అడిగిన పుస్తకం వచ్చిందంటే ఇద్దరం బయలుదేరాం. మార్కమ్ చేరుతూండగా ముందు ఎడమవైపు నుంచి దడదడమని చప్పుడు. స్టీరింగ్ ఆవిడ చేతుల్లో వణుకుతోంది.

"అన్నయ్యగారూ, ఇది రోడ్డు కాదు, చక్రం," అంటూ వేగం తగ్గించి, దగ్గర్లోని ప్లాజా పార్కింగ్‌లోకి తిప్పి ఆపేశారు.

దిగి చూస్తూండగానే సాకేత్ కారు వచ్చి పక్కన ఆగింది. నేను ఆశ్చర్యపోయాను.

"వాడి ఫోన్ మ్యాపులో నేనొక చుక్కని," అన్నారావిడ. "చుక్క ఆగితే వచ్చేస్తాడు. మేకకి గంట కట్టినట్టు కట్టాడు."

"అమ్మా, ఆర్ యూ ఓకే? ఫుట్‌పాత్ కర్బ్ కొట్టావా?"

"కర్బూ లేదు, కాకరకాయా లేదు. పారా, పీటా తియ్యి డిక్కీలోంచి."

"నో. టో ట్రక్ పిలుస్తున్నా." అంటూనే కారులోకి వంగి తాళం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. "వి హ్యాడ్ ఎ డీల్, అమ్మా."

ఆవిడ వినిపించుకోలేదు. వంగి నట్టు మీద వేళ్ళు పెట్టారు. స్పానర్ అక్కరలేకుండానే తిరిగింది. పక్కదీ అంతే.

సాకేత్ గొంతు మెత్తబడింది. కోపం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది ఆవిణ్ణి. "బిగించడం మర్చిపోయావమ్మా. ఇట్స్ ఓకే. ఈ ఏజ్‌లో ఎవరికైనా అవుతుంది."

"నేను అక్కడే ఉన్నాను బాబూ, బిగించారు," అన్నాను.

"మీరు ఆగండి అన్నయ్యగారూ. నాకు సాక్షులక్కర్లేదు. చక్రమే చెబుతుంది."

జాకీ ఎక్కింది. సాకేత్ "ప్లీజ్, అమ్మా" అంటూనే ఉన్నాడు, ఆవిడ నట్లు తీస్తూనే ఉన్నారు. చక్రం బయటికి లాగేసరికి, అది ఇరుసుకి ఆనుకునే చోటి నుంచి తారు మీదికి ఏదో రాలింది. పచ్చటి పొడి.

ఆవిడ వేలితో అద్ది, వాసన చూసి, పార్కింగంతా మోగేలా నవ్వారు. "పసుపురా!"

"వాట్?"

"ముద్దగా పట్టించానుగా. ఎండి అట్ట కట్టింది. ఆ అట్ట మీదే బిగించా. టక్‌మంది, నమ్మా. బండి కదిలేసరికి అట్ట పొడైపోయింది, నట్టు వదులైంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఏదీ ఉండకూడదని నేనే అందరికీ చెబుతా!"

"మరి తుడవచ్చు కదా?"

"పూజ చేసిన పసుపు ఎలా తుడుస్తార్రా?"

సాకేత్ తాళాన్ని ఇంకో గుప్పిట్లోకి మార్చుకున్నాడు. "సో, ఇట్స్ స్టిల్ యువర్ ఫాల్ట్. ఎవరికైనా తగిలుంటే?"

ఈశ్వరమ్మగారు పీట మీంచి లేచారు. నవ్వు పోయింది.

"తగిలుంటే జైలుకి పోయేదాన్ని. తప్పు నాదే, కాదన్నానా? కానీ మనం అనుకుంది తప్పు గురించి కాదు, వయసు గురించి. ముప్పై ఏళ్ళప్పుడు విడి చక్రాలకి పూజ చేసుంటే అప్పుడూ ఇలాగే పూసేదాన్ని, ఇలాగే తుడవకుండా బిగించేదాన్ని. నువ్వు కుర్రాడిగా ఉన్నప్పుడు కారు మెయిల్‌బాక్స్‌కి గుద్దావు. నీ తాళం లాక్కున్నానా?"

"దట్ వాజ్ డిఫరెంట్."

"ఎలా?"

వాడు నావైపు చూశాడు. నేను మేఘాలవైపు చూశాను.

"చప్పుడు వినపడింది నాకే," అన్నారావిడ, కాస్త నెమ్మదిగా. "బండి ఆపింది నేనే. ఎందుకు వదులైందో పట్టుకుంది నేనే. ఇవి నాకు చేతకాని రోజు వస్తే, నువ్వడక్కుండానే తాళం నీ టేబుల్ మీద పెడతా. అది ఇవాళ కాదు. అదెప్పుడో నీ ఫోన్లో చుక్క చెప్పదు. ముందు గుడ్డ పట్టు."

తరవాత జరిగింది చూడముచ్చటగా ఉంది. ఖరీదైన కోటు వేసుకున్న సాకేత్ మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు చక్రాల వెనకా పసుపు గీకాడు. ఆవిడ బోల్టుల మరలు వేలితో తడిమి చూశారు, అరగలేదు. రెంచ్ మాత్రం వాడికివ్వలేదు. బిగించినంతసేపూ వాడికి పాఠం నడిచింది. చలికి గాలి తగ్గుతుంది, నెలకోసారైనా చూడాలి. కొత్తగా ఎక్కించిన చక్రాన్ని వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలి.

"నీ టైర్లలో గాలి ఎప్పుడు చూశావు?"

"దేర్ ఈజ్ ఎ సెన్సార్, అమ్మా."

"దానికీ నేనొక చుక్కనేమో అడుగు."

వాడు నవ్వేశాడు. తాళం ఆవిడ చేతిలో పెట్టాడు, కానీ వెంటనే వదల్లేదు. "నెక్స్ట్ ఇయర్ పసుపు వద్దు."

"పూస్తా. పైన, రబ్బరుకి. బిగించాక. పూజ మానను, బండీ మానను. ఆ చుక్క తీసెయ్."

"అమ్మా..."

"తీసెయ్."

తీశాడు. నాకు చూపించాడు కూడా, నేనేదో పెద్దమనిషినన్నట్టు. "అంకుల్, స్ట్రెయిట్‌గా ఇంటికి తీసుకెళ్ళండి," అని గుసగుసగా చెప్పి వెళ్ళాడు.

కారు ప్లాజా చివరిదాకా వచ్చి ఆగింది. అంతదాకా ఆవిడ కిటికీ దించి చక్రాల చప్పుడుకి చెవి పెట్టారు, దడదడ లేదు. ఇంటికైతే కుడివైపు తిరగాలి. ఈశ్వరమ్మగారు ఎడమ సిగ్నల్ వేశారు.

"లైబ్రరీ ఇంకా తెరిచే ఉంటుంది కదండీ?" అన్నారు.