ముప్పై మైళ్ళని చెప్పాను

రేడియోల కోసం నేను నిలబెట్టిన స్తంభాలు ఈ జిల్లాలో వందకు పైనే ఉంటాయని మా వీధిలో అందరికీ తెలుసు. అందరికీ చెప్పింది నేనే. నిజానికి పద్నాలుగు. వాటిలో రెండు పడిపోయాయి. పెదపారుపూడిలో ఒకటి నేను చూస్తుండగానే ఒరిగి గడ్డివాము మీద పడుకుంది. గడ్డివాము అక్కడ ఉందని చూసుకునే నిలబెట్టానని ఆ రైతుతో అన్నాను. అదీ నిజం కాదు.

ఒక్క కరెంటు దగ్గర మాత్రం నేను పెంచి చెప్పను, తగ్గించి చెప్పను. మనుషులైతే నా కబుర్లు విని నవ్వి ఊరుకుంటారు. కరెంటు ఊరుకోదు.

గుడివాడలో మైకు సెట్లు, రేడియోలు బాగుచేసే కొట్టుతో బతికినవాణ్ణి. కొట్టు మూసేసి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఇంటి వరండాలో బల్ల వేసుకుని, ఎవరైనా ఏదైనా పట్టుకొస్తే విప్పి చూస్తుంటాను. ఈ జూన్‌లో ఒక ఉదయం పాలకాయతిప్ప దగ్గరి పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. గోనెసంచిలోంచి అటూ ఇటూ మాట్లాడుకునే ఒక పెద్ద రేడియో సెట్టు, చేత్తో పట్టుకునే చిన్న సెట్టు, లైసెన్సు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. పెద్దది ఇంట్లో ఉండాలి, చిన్నది బోటులోకి వెళ్ళాలి.

కిందటి ఏడాది వాళ్ళాయన వేటకు వెళ్ళినప్పుడు నడిసముద్రంలో ఇంజను ఆగిపోయిందట. ఒకటిన్నర రోజు ఫైబర్ బోటు ఎటు కొట్టుకుపోయిందో ఎవరికీ తెలియలేదు. చివరికి వేరే బోటు వాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. ఆయన ఒడ్డున దిగి టీ అడిగాడట. ఆమె టీ ఇచ్చి, ఇంజనును మోయించుకొచ్చి ఇంట్లో గదిలో పెట్టించి తాళం వేసింది.

"ఆయన గొంతు నా ఇంట్లో వినపడాలి బాబాయ్ గారూ," అంది, అప్పటికప్పుడే వరస కలిపేసి. "అప్పుడే ఇంజను బయటికొచ్చేది. లేదంటే అక్కడే తుప్పు పట్టనీయండి."

"ఫోనుందిగా అమ్మా?"

"నాలుగైదు మైళ్ళు దాటితే ఫోను పనికిరాదండి. ఇది ఎంత దూరం పనిచేసుద్ది? బందరులో ఒకాయన్ని అడిగితే, పది దాటితే నాకు పూచీ లేదన్నాడు."

ఆ బందరాయన ఎవరో నాకు తెలియదు. ఆయన చెప్పింది మాత్రం అక్షరాలా సరైన లెక్క. ఇలాంటి రేడియో తరంగం తిన్నగా పోతుంది, సముద్రం వంపు తిరిగిన చోట అది మనిషిని అందుకోలేదు. అదంతా తెలిసి కూడా, నాకంటే ముందు ఇంకొకణ్ణి అడిగి వచ్చిందన్న ఉక్రోషంతో నోరు జారాను.

"పదా? ఆయనకు కట్టడం రాక అలా అన్నాడు. నేను కడితే ముప్పై."

ఆమె ముఖం తేటపడింది. "ముప్పై అయితే ఇంకేం కావాలండీ. వంజరం చేపల కోసం ఆయన ఇరవై దాకా వెళ్తాడు."

అప్పుడైనా సర్దుకోవలసింది. సర్దుకోలేదు. పైగా సగం పూటలో పనైపోతుందన్నాను.

మూడు రోజులు పట్టింది. మొదటి రోజు సగం బస్సులోనే గడిచిపోయింది. పామర్రు నుంచి నిలబడి ప్రయాణం. మోపిదేవిలో భక్తులంతా దిగిపోయాకే నాకు కూర్చునే చోటు దొరికింది. నేను వాళ్ళింటికి చేరిన రోజునే వేట నిషేధం ముగిసింది. పల్లెలోని బోట్లన్నీ సముద్రంలో ఉన్నాయి. వాళ్ళది ఒక్కటే ఇసుకలో బోర్లా పడుంది. వాళ్ళాయన దాని పక్కనే కూర్చుని నాకేసి డాక్టరును చూసినట్టు చూశాడు.

స్తంభం ఎక్కడ పెట్టాలన్న దగ్గరే గొడవ మొదలైంది. ఇంటి మూల పెడితే చాలన్నాడాయన. ఆ మూలకు పదడుగుల దూరంలో వీధి కరెంటు తీగలున్నాయి.

"మన గొట్టం ముప్పై అయిదు అడుగులు. అది ఒరిగితే ఎంత దూరం పడుతుందో చూసుకో. అంతకంటే దూరంలో ఉండాలి తీగ. లేపేటప్పుడు చెయ్యి జారినా సరే, దాన్ని తాకే వీలుండకూడదు."

"పట్టుకోటానికి నలుగురం ఉన్నాం కదా మావయ్యా."

"నలుగురూ ఒకేసారి పోతారు."

దాంతో పెరడు చివరికి జరిగాం. గొట్టాన్ని లేపి, మూడు వైపులా తీగలు లాగి కట్టాం. పైన యాంటెన్నా, దాన్నుంచి ఇంట్లోకి కేబులు. ఉప్పుగాలికి జాయింట్లు నెలలోపే పచ్చబారతాయని వాటికి రబ్బరు టేపు రెండు చుట్లు బిగించాను. వానచుక్క కేబులు వెంట పాకి సెట్టులోకి దిగకుండా, గోడలోకి వెళ్ళేముందు కేబులుకు కిందికి ఒక వంపు ఇచ్చాను. నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ఎర్తు కోసం ఇసుక తవ్వుతుంటే వాళ్ళత్తగారు వచ్చి గట్టు మీద కూర్చుంది. పైన పొడి ఇసుక కరెంటును పీల్చుకోదు. అందుకే తడి తగిలేదాకా తవ్వి, అక్కడ రాగి కడ్డీలు దిగ్గొట్టాను. స్తంభం నుంచి రాగి పట్టీని మెలికలు లేకుండా తిన్నగా వాటికి కలిపాను. ఇంటి ఎర్తును కూడా దానితోనే కలిపాను.

"ఏంటి అన్నయ్యగారూ, పిడుగుని బొట్టుపెట్టి పిలుస్తున్నారా మా ఇంటికి?" అందావిడ.

"పిలవటంలేదు చెల్లెమ్మా. వస్తే ఇంట్లోకి రాకుండా ఇటు దిగిపొమ్మని దారి చూపిస్తున్నాను."

"వినుద్దా?"

"తిన్నగా నెత్తిన పడితే ఎవరి మాటా వినదు. అందుకే ఆకాశం ఉరమక ముందే, మబ్బు పట్టగానే, ఈ కేబులు సెట్టు నుంచి పీకేసి బయటికి వేసెయ్యాలి. ఉరుముతుంటే మాత్రం ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు."

కోడలిచేత అది నాలుగుసార్లు పీకించి, నాలుగుసార్లు పెట్టించాను. బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేసి, ఫ్యూజు పోతే తీగముక్క చుట్టనని ఒట్టు వేయించుకున్నాను. ఆమె అన్నీ శ్రద్ధగా నేర్చుకుంది. ఇన్ని నిజాలు చెబుతున్న మనిషి ముప్పై విషయంలో అబద్ధం చెప్పాడని ఎవరు అనుకుంటారు?

చివరిది స్పీకరు. ఆమె పగలంతా పెరటి అవతల చేపలు ఎండబెడుతూ ఉంటుంది. ఇంట్లో చిన్న స్పీకరు మోగితే అక్కడికి వినిపించదు. కాబట్టి చూరు కింద, వాన తగలని చోట, ఒక బాకా స్పీకరు బిగించాను. దాని మూతి మైకు వైపు ఉంటే కీచుమంటుందని చేపల పందిళ్ళ వైపు తిప్పాను. పల్లె మొత్తం కూడా అటువైపే ఉంది. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున ఆమె గది తాళం తీసింది.

"ముందు చూసి రండి. వలలు తీసుకెళ్ళొద్దు. ఎక్కడిదాకా మాట వినపడితే అక్కడిదాకే ఈయన వేట. ముప్పై అన్నారుగా బాబాయ్ గారు."

నాకు లైఫ్ జాకెట్ తొడిగి బోటు ఎక్కించారు. వాళ్ళాయన ఇంజను దగ్గర, నేను చిన్న సెట్టు పట్టుకుని ముందు. మైళ్ళు చూపించే పరికరం ఆయన మోకాలి దగ్గర. మూడో మైలు, ఆరో మైలు, మాట గంటలా వినబడుతోంది. తొమ్మిది దాటాక ఆమె గొంతులో గరగర మొదలైంది. పది దగ్గర మాటకూ మాటకూ మధ్య చిల్లులు పడ్డాయి. ఇంకో అరమైలు వెళ్తే అసలేమీ లేదు. వెనక్కి తిప్పించి పది దగ్గర ఆపించాను.

ఆయన ఇంజను తగ్గించి నాకేసి చూశాడు. "ఇదేంటి మావయ్యా, ముప్పై అన్నావు?"

నేను యాంటెన్నా మీద నెపం వేద్దామా, గాలి మీద వేద్దామా అని ఆలోచిస్తున్నాను. ఈలోగా ఆయనే దారి చెప్పాడు.

"ఒక పని చెయ్యి. ఇక్కడే నిలబడి ముప్పై అని చెప్పేద్దాం. ఒడ్డునున్న దానికేం తెలుసుద్ది? నీ మాటా నిలబడుద్ది, నా వేటా సాగుద్ది."

సెట్టులో ఆమె గొంతు. "బాబాయ్ గారూ, ఎంత దూరంలో ఉన్నారు?"

బటన్ నొక్కాను. "పదిహేను," అన్నాను. ఆయన చెప్పిన ముప్పై కాదు, ఉన్న పదీ కాదు. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"సరేనండి. ఇక్కడ గోడ మీద బొగ్గుతో రాసుకుంటున్నాను. పదిహేను."

వాళ్ళాయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను జీవితంలో చెప్పిన గొప్పలన్నీ విన్నవాళ్ళు చెవి దులుపుకుని వెళ్ళిపోయారు. ఇప్పటిదాకా ఎవరూ గోడ మీద రాసుకోలేదు. రేపు ఈయన పదిహేనులో ఉండి పిలుస్తాడు. ఈమె ఆ బొగ్గు గీత చూసుకుంటూ, ఇంకా పిలవలేదేమని స్పీకరు కింద కూర్చుంటుంది.

మళ్ళీ బటన్ నొక్కాను.

"అమ్మా, అది చెరిపెయ్యి. పది. పది మైళ్ళలోనే ఉన్నాం. దాటితే వినబడదు. బందరాయన చెప్పిందే నిజం. ముప్పై అన్నది నా గొప్ప. సగం పూటన్నదీ గొప్పే. వంద స్తంభాలూ అబద్ధమే, ఇది పదిహేనోది."

వంద స్తంభాల ఊసు ఆమెతో ఎప్పుడూ అననే లేదు. మొదలుపెట్టాక ఆగలేదు.

బటన్ వదిలాను. కాసేపు గరగర. తర్వాత ఒక్కసారిగా ఆడవాళ్ళ నవ్వులు. ఒకరిద్దరివి కావు, చేపల పందిళ్ళ దగ్గరున్న అందరివీ. అప్పుడు గుర్తొచ్చింది, బాకా మూతి నేను ఎటు తిప్పానో.

అత్తగారి గొంతు మైకులోకి వచ్చింది. "అన్నయ్యగారూ, ఎర్తు సంగతన్నా నిజమేనా?"

"నిజమే చెల్లెమ్మా! కరెంటు మీద ఒట్టు!"

తర్వాత కోడలు మాట్లాడింది. నవ్వు లేదు, కోపమూ లేదు. "పది కూడా వద్దండి. తొమ్మిది అని రాశాను. ఆయనకు చెప్పండి. తొమ్మిదే."

వాళ్ళాయన తలపట్టుకున్నాడు. "మావయ్యా, నువ్వు నిజం చెప్పి నాకో మైలు తగ్గించావు."

ఇద్దరం ఒడ్డుకొచ్చాం. నేనే ఆమెతో చెప్పాను, తోడుగా ఇలాంటి సెట్టే ఉన్న ఇంకో బోటు తొమ్మిది దగ్గర ఉండి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబితే ఇంకో నాలుగు మైళ్ళు వెళ్ళొచ్చని. ఆమె విని, "ఆ తోడు బోటువాడిని నా ముందు నిలబెట్టండి, అప్పుడు చూద్దాం," అంది. ఆ మధ్యాహ్నం నాకు చేపల పులుసుతో అన్నం పెట్టారు. పెడుతూ అత్తగారు, ముక్క ముప్పై అడుగులుందని అనుకుని తినమంది.

ఇప్పుడు బోటు రోజూ వెళ్తోంది. వారానికోసారి ఆమె నాకు ఫోను చేస్తుంది. ముందు ఫోనును స్పీకరు కింద పెడుతుంది. గుడివాడలో వరండాలో కూర్చుని నేను వాళ్ళాయన గొంతు వింటాను. "ఇక్కడేముందే, అన్నీ చిన్న చేపలే, ఇంకో రెండు మైళ్ళు పోనీవే," అని బతిమాలుతుంటాడు. ప్రతి మాటా స్పష్టంగా ఉంటుంది. మొన్న అది వినిపించాక ఆమె ఫోను అందుకుంది.

"విన్నారా బాబాయ్ గారూ? ఎంత దూరంలో ఉన్నాడో చెప్పుకోండి చూద్దాం."

ఆ గొంతులో గరగర ఉందేమోనని జాగ్రత్తగా విన్నాను. లేదు.

"ఎనిమిది."

"ఎనిమిదిన్నర," అంది. "మీరు తక్కువ చెప్పారండోయ్!"