రాసిపెట్టే చేయి

ఆమె జిరాక్సు షాపులో పనిచేస్తుంది. చదువు ఎనిమిదో తరగతితో సరి. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. అందుకే పరీక్షలప్పుడు, రాయలేని పిల్లల పక్కన కూర్చుని వాళ్లు చెప్పింది రాసిపెట్టడానికి బడివాళ్లు పిలుస్తారు. రాసేవాళ్లు పిల్లలకన్నా తక్కువ చదివి ఉండాలని నియమం. చదువు తక్కువని పిలిచి మరీ కుర్చీ వేసే పని లోకంలో ఇదొక్కటేనని షాపు యజమాని వెక్కిరిస్తాడు. ఆమె నవ్వేస్తుంది గానీ, పరీక్ష రోజు ముద్ద దిగదు. ప్రశ్న చదవాలి, చెప్పింది రాయాలి. కాస్త తల ఊపినా పిల్లల పేపరు రద్దు. ఒకరి బతుకు తన మెడకు వేలాడుతున్నట్టే ఉంటుంది.

ఈసారి తొమ్మిదో తరగతి అమ్మాయి. నోటితో అడిగితే ప్రశ్న పూర్తికాకముందే జవాబు వస్తుంది. పెన్ను పడితే అక్షరాలు తారుమారు, అంకెలు తలకిందులు. అంచేత బడి మొత్తం ‘మొద్దు’ అని పేరు పెట్టి చేతులు దులుపుకుంది. అర్థం చేసుకోవడం కన్నా అదే తేలిక కదా! ఈ లెక్కల పరీక్ష తప్పితే పేరు తీసేస్తామని హెడ్మాస్టరు తల్లిని పిలిపించి మరీ చెప్పాడు.

వాళ్లిద్దరికీ విడిగా చిన్న గది ఇచ్చారు. గుమ్మం దగ్గర కాపలాకు ఒక మాస్టారు. పిల్ల ఆమె ముఖం చూడటం లేదు, పెన్ను మొననే చూస్తోంది. రెండో లెక్కలో అంకె తప్పు చెప్పింది. ఆమె చేయి తనకు తెలియకుండానే ఆగింది.

“కాదు కాదు, పదిహేడు,” అని పిల్ల వెంటనే సర్దుకుంది.

ఆమె చటుక్కున తన చేతికేసి చూసుకుంది. నోరు కట్టుకుంటే చేయి మాట్లాడుతోంది! మాస్టారు చూశాడా? లేదు, ఆవలిస్తున్నాడు. అప్పటినుంచి పళ్లు బిగించి పెన్ను ఒకే వేగంతో నడిపింది.

తర్వాతి ప్రశ్న చదివింది. పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉన్న తోట. దాని బయట చుట్టూ మీటరు వెడల్పున బాట. బాట వైశాల్యమెంత?

“చుట్టుకొలత నలభై. నాలుగు మూలలకి ఇంకో నాలుగు. నలభై నాలుగు.”

ఆమెకు నేర్పిన పద్ధతి అది కాదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి. ఇందులో తీసివేతే లేదు. ఎంత బిగబట్టినా చేయి ఒక్క క్షణం ఆగింది.

పిల్ల ముఖం పాలిపోయింది. “మూలలు కొట్టేయండాంటీ. నలభయ్యే.”

చెప్పింది రాయాలి కాబట్టి కొట్టేసింది. పిల్ల మరో లెక్క ఆలోచిస్తుంటే, ఆమె తన పద్ధతిలో మనసులోనే చేసి చూసింది. పద్నాలుగు పదులు నూట నలభై. అందులో తొంభై ఆరు పోతే నలభై నాలుగు.

“ఇందాకటి ప్రశ్న ఇంకోసారి చదవనా?” అనేసింది.

“ఏంటమ్మా, సైగలా?” మాస్టారు లేచాడు. “పేపరు లాక్కోమంటారా?”

ఆమె గబుక్కున పేపరు మీదికి వంగింది. గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

గేటు దగ్గర పిల్ల పరుగున వచ్చి ఆమె చేయి పట్టుకుంది. “ఇవాళ మీవల్లే బతికిపోయాను. రేపు సైన్సుకి కూడా అలాగే ఆగండాంటీ.”

ఇన్నేళ్లలో ఈ చేయి ఇంకెంతమందికి అడ్డం పడిందో అనుకుంటే ఆమెకు భయమేసింది. “నువ్వు మొదట చెప్పిన నలభై నాలుగే రైటమ్మా. తెలియక ఆగింది నేను.”

పిల్ల నవ్వేసింది. “ఊరుకోండాంటీ. రైటైతే మీరెందుకు ఆగుతారు?”