అప్పలరాజు గారికి ఇచ్చిన మెమో

యూనివర్సిటీలోని మా పాత విభాగానికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నిన్న కూర్మన్నపాలెంలో రక్తపరీక్షకు వెళితే నర్సు నా చేతిని స్పిరిట్ దూదితో తుడిచింది. ఆ వాసనకు పాత కోపమంతా లేచింది. ఇక ఉత్తరాలతో లాభం లేదని, అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో విశాఖలో, ఆ విభాగంలోనే నేను పరిశోధన చేసేవాణ్ణి. వేడి పళ్ళెం మీద టిన్ ఆక్సైడ్ బిళ్ళ పెట్టి, దానిలోంచి ఎంత కరెంటు పోతోందో కొలవడం నా పని. రోజూ పదకొండింటికి మీటరు ముల్లు ఉన్నట్టుండి పైకి లేచేది. తీగలు వదులుగా బిగించారని ల్యాబ్ మెకానిక్ అప్పలరాజు గారి మీద మా గైడుకు ఫిర్యాదు రాసిచ్చాను. విచారణ లేకుండానే గైడు ఆయనకు మెమో ఇచ్చాడు.

అప్పలరాజు గారు నాతో గొడవ పడలేదు. మూడు రోజులు నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ముల్లు కదిలినప్పుడల్లా గదిలో ఎవరేం చేస్తున్నారో రాసుకున్నారు. నాలుగో రోజు నవ్వారు.

"తీగలు కాదు బాబూ. మీ సెయ్యే."

"నా చెయ్యా?"

"రోజూ పదకొండింటికి, గైడుగారొచ్చే ముందు ఈ పక్క మైక్రోస్కోపు అద్దం దేంతో తుడుస్తన్నారు?"

"స్పిరిట్‌తో."

"అదే మరి! మూత తీయగానే ముల్లు లెగుస్తంది. మెమో నాకిచ్చీసినారు గానీ, ఇయ్యాల్సింది ఆ సీసాకి!"

స్పిరిట్ దూది దగ్గరకు తెస్తే ముల్లు లేచింది. తీసేస్తే మెల్లగా దిగింది. గాలిలోని ఆక్సిజన్ ఆ వేడి బిళ్ళ పైపొరను అంటిపెట్టుకుని, అందులోని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. అందుకే కరెంటు తక్కువ. స్పిరిట్ ఆవిరి ఆ ఆక్సిజన్‌తో కలిసిపోగానే ఎలక్ట్రాన్లు బయటపడి కరెంటు పెరుగుతుంది. మేము లోపమనుకున్నది ఆ పదార్థపు గుణం. దానితో వాయువులను పసిగట్టే పరికరం చేయవచ్చని గైడు వెంటనే గ్రహించాడు. పేపరు అచ్చయింది, ఆయన పేరుతో, నా పేరుతో. కృతజ్ఞతల్లో కూడా అప్పలరాజు గారు లేరు.

తప్పు నాదే, మెమో రద్దు చెయ్యమని రాసి పట్టుకెళ్ళాను. గైడు ఆ కాగితం ముట్టుకోలేదు. "పేపరొచ్చింది కదయ్యా, ఇంకా మెమో గొడవెందుకు?" అన్నాడు. ఆ మెమో సాకుతోనే అప్పలరాజు గారికి ప్రమోషన్ ఆపారు. ఆయన మెకానిక్‌గానే రిటైరైన రోజు నేను క్షమాపణ అడిగాను.

"ఏటి బాబూ, ఫిర్యాదు రాసింది మీరు. రద్దు సేయించాల్సిందీ మీరే. మజ్జిలో నానేటంతాను?" అన్నారు.

పరికరం తప్పు చూపిందనిపిస్తే ముందు నా చేతులు చూసుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. విభాగాధిపతి గారూ, ఆయన పెందుర్తిలో ఉన్నారు. తొంభైకి దగ్గరపడ్డారు. ఆ మెమో తప్పని ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి, ఆయన ఉండగానే పంపుతారా? పంపరా? పంపకపోతే, ఎందుకో చెప్పండి.