అంచుదారం, నిండిన డిస్కు

ఎనభైల చివర్లో కొత్తవాడ జంపఖానాల నేత సంఘంలో పనికి చేరినప్పుడు, ఆ ఆఫీసులో నాకు నచ్చిన వస్తువు ఒక్కటే: నల్లటి ఫోను. హైదరాబాదులో పెరిగినవాణ్ణి. లేచి వెళ్లి అడగడం కంటే ఫోను తిప్పి అడగడమే అలవాటు. "ఈ పట్నపోనికి చెవిల ఫోను మొలిసింది" అని సంఘం అధ్యక్షుడు ఎగతాళి చేసేవాడు. ఆయన్ని అందరిలాగే నేనూ కాకా అనేవాణ్ణి.

సంఘానికి సొంత కంప్యూటర్ లేదు. హన్మకొండలో ఒకాయన కంప్యూటర్ సెంటర్ పెట్టి, తన మిషన్ డిస్కులో కొంత జాగా మాకు కిరాయికిచ్చాడు. ఏ ఇంటికి ఎంత నూలిచ్చాం, ఎన్ని జంపఖానాలు నేసి తెచ్చారు, అన్నీ అందులోనే ఉండేవి. సోమవారం సోమవారం ప్రింటు తీసి, దాన్ని చూసి నూలు పంచేవాళ్లం. ప్రింటు లేకపోతే నూలు లేదు. నూలు లేకపోతే మగ్గం నడవదు.

ఒక శుక్రవారం పొద్దున సెంటర్ ఓనర్ ఫోన్ చేశాడు.

"తమ్మీ, మీ ఫైళ్లు నా డిస్కంత మింగినయ్. రేపు సాయంత్రం దాకా టైమిస్తున్న. సగం చెయ్యి, లేకుంటే నేనే తుడిచేస్త."

"తుడిచేస్తే సోమవారం నూలెట్ల పంచాలె సార్?"

"గది నాకేం ఎర్క? ఇత్తనాల దుకాణపాయన జాగ కావాల్నని నా నెత్తి మీద కూసున్నడు."

రిసీవర్ ఠపీమని పెట్టి బస్సెక్కాను. సెంటర్లో కూర్చుని పాత సంవత్సరాల రికార్డులన్నీ డిలీట్ కొట్టాను. అయిపోయిందని తెరమీద వచ్చింది. సైజు చూస్తే గోరంత కూడా తగ్గలేదు! మళ్లీ కొట్టాను. అంతే. కీబోర్డు మీద ఒక్కటి గుద్దాను.

"జర పైలం! అది మీ కాకది కాదు" అన్నాడు ఓనర్.

ఆయన ఫోనే లాక్కుని, హైదరాబాదులో నాకు కోర్సు చెప్పిన సారుకి కలిపాను.

"డిలీట్ అంటే కొట్టేసినట్టు గుర్తు పెట్టడమే. రికార్డు అక్కణ్నే ఉంటది. ప్యాక్ అని కొట్టు, అప్పుడు పోతది" అన్నాడు సారు.

కొట్టాను. తగ్గింది, కానీ ఏ మూలకూ చాలదు. అసలు కొవ్వు ఎక్కడుందో అప్పుడు చూశాను. కొత్తవాడలో ఒకే పేరు గల్లీకొకరికి ఉంటుంది. అందుకని కాకా, నూలు ఇచ్చిన ప్రతిసారీ మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు, గల్లీ, ముద్దుపేరు మొత్తం రాయాలని పట్టుబట్టాడు. అన్నిటికన్నా పొడుగు పేరుకి ఎంత జాగా కావాలో, ప్రతి రికార్డుకూ అంతే జాగా కేటాయించారు. ఖాళీగా ఉన్నా ఆ జాగా తింటూనే ఉంటుంది. పేర్లు ఒక చిన్న ఫైల్లో ఒక్కసారి రాసి, నూలు ఫైల్లో మనిషికొక నంబరు పెడితే చాలు. ఆ మాట కాకాకు చెప్పాలి.

శనివారం పొద్దున్నే వెళ్లాను. కాకా జంపఖానాల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటి తిరగేసి చూస్తున్నాడు.

"నంబరా? మేమేమన్న జైల్ల ఉన్నమారా?"

"పేరు పోదు కాకా. ఒక్కపారి రాస్తే చాలదా? ఊకూకె రాస్తే మనిషి పెద్దగయితడా?"

"రాసుడే! ఒకని నూలు ఇంకొకనికి పోతే నువ్వొచ్చి నేస్తవా?" అంటూ ఒక జంపఖానా లాగి నా మొహం ముందు దులిపాడు. అంచు మూలలో రెండు ఎర్ర దారాలు, ఒక పసుపు దారం ఉన్నాయి. "పేర్లు తీసేసెటోడా, ఇది సూడు! ఇంటికో గుర్తు. ఇది ఎవ్వలిదో కొత్తవాడల ఎవ్వలనడిగినా చెప్తరు. మేమెన్నడన్న పొరపాటు వడ్డమా?"

"మరి గుర్తుండంగ వాళ్ల తాత పేరు మాటిమాటికెందుకు కాకా?"

కాకా జంపఖానా మడత పెట్టాడు. చివరికి అడిగాడు: "గా డబ్బల ఎర్రదారం ఎట్ల వెడ్తవ్?"

"అక్షరాలు పెడ్త. ఆర్, ఆర్, వై."

నన్ను తిడుతూనే ఒక్కో ఇంటి గుర్తూ చెప్పాడు. రాసుకుని మధ్యాహ్నానికి హన్మకొండ చేరాను.

కొత్త ఫైలు తయారయ్యేదాకా పాతది ఉండాలి. రెండూ పట్టే జాగా డిస్కులో లేదు! గంట సేపు ఇంకొంచెం జాగా వాడుకోనివ్వమంటే ఓనర్ వినలేదు. పాత ఫైలుని ముక్కలు చేసి ఫ్లాపీల్లోకి ఎక్కించాను. ఒక ఫ్లాపీ సగంలో మొరాయిస్తే పళ్లు కొరుక్కుంటూ ఇంకోటి పెట్టాను. తర్వాత డిస్కులో పాతది తుడిచి, ఫ్లాపీల్లోంచి ఒక్కో ముక్కా తీసి కొత్త ఫైల్లోకి ఎక్కించాను. చీకటి పడే ముందు సైజు సగానికన్నా కిందికి దిగింది. ఓనర్ తెర చూసి, "ఇంత చిన్నగయ్యేదుంటే ఇన్నొద్దులు నా డిస్కెందుకు నింపినవ్?" అన్నాడు. దానికి నేనన్న మాట ఇక్కడ రాయలేను.

సోమవారం లైన్లో ముందున్న ముసలాయన ప్రింటు కాగితం చూసి అడిగాడు: "మా తాత పేరేది?"

కాకా గొంతు సవరించుకున్నాడు. "తాత పేరు ఒక్కపారి రాస్తే చాలదానే? ఊకూకె రాస్తే మనిషి పెద్దగయితడా?"

లైనంతా నిజమే అన్నట్టు తలూపింది. అవి నా మాటలు అని అరవబోయాను. అప్పటికే ముసలాయన నూలు కట్ట చంకలో పెట్టుకుని మగ్గం దిక్కు నడుస్తున్నాడు. తర్వాతి గుర్తు పిలిచాను.