రూతు పెద్దమ్మ సాక్ష్యంలో నీళ్ల మాట

మా చిన్నప్పుడు... ఆదివారం ఆరాధన అయిపోగానే పిల్లలమంతా చర్చి వెనక బోరింగు దగ్గర చేరేవాళ్లం. టేకులపల్లిలో మాది రేకుల చర్చి. లోపల పెద్దవాళ్లు టీ తాగుతూ సంఘం సంగతులు మాట్లాడుకుంటుంటే, బయట నా ప్రదర్శన మొదలయ్యేది.

అవును, ప్రదర్శనే. పదేళ్లకే నేను మా సంఘంలో పేరుమోసిన కళాకారుణ్ని. పాస్టరుగారి దగ్గు, డోలక్ వాయించే మామ తల ఊపుడు, కానుకల సంచి దగ్గరికొచ్చే సమయానికి కళ్లు మూసుకుని ప్రార్థనలో మునిగిపోయే ఒక పెద్దమనిషి భక్తి... అన్నీ నా దగ్గర ఉండేవి.

కానీ జనం అడిగి మరీ చేయించుకునే ఐటెం ఒకటే. రూతు పెద్దమ్మ సాక్ష్యం.

తెలియనివాళ్లకు చెప్తా... మా చర్చిల్లో ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పొచ్చు. పరీక్ష పాసైనవాళ్లు, జ్వరం తగ్గినవాళ్లు, తప్పిపోయిన బర్రె దొరికినవాళ్లు... ఎవరు లేచినా లేవకపోయినా పెద్దమ్మ మాత్రం ప్రతి వారం లేచేది. ప్రతి వారం అదే సాక్ష్యం.

ఆమె మాకు చుట్టం కాదు. అమ్మకంటే పెద్దది కాబట్టి పెద్దమ్మ. ఆమె భర్తకు కామెర్లు ముదిరితే కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోదామని రోడ్డు మీద నిలబడిందట. బస్సు వచ్చే వేళకు ఆయన మంచినీళ్లు అడిగాడు. ఇది పోతే మళ్లీ రెండు గంటల దాకా బస్సు లేదు, దిగినంక తాగుదువు పా అని ఎక్కించింది. దిగేసరికి ఆయన లేడు.

అక్కడికి వచ్చేసరికి పెద్దమ్మ ఆగేది. కొంగు సర్దుకునేది. మూడుసార్లు గొంతు సవరించుకునేది.

"నీళ్లియ్యలే అయ్యగారూ... అయినా నా దేవుడు నన్ను ఇడిసిపెట్టలే."

సంఘమంతా స్తోత్రం అనేది. ఆమె కూర్చునేది. ఆదివారం అట్లా చెప్పుకుంటేనే సోమవారం మళ్లీ మిర్చి తోటకు పోబుద్ధి అవుతదని మా అమ్మతో అనేదట.

ఒక ఆదివారం తువ్వాలు కొంగులా వేసుకుని, మూడుసార్లు గొంతు సవరించి, నా సొంత మెరుగు ఒకటి చేర్చాను. "నీళ్లియ్యలే అయ్యగారూ" అంటూ స్టీలు గ్లాసెత్తి, గుటగుటా చప్పుడు చేస్తూ నేనే తాగేశాను. జనం విరగబడి నవ్వారు... ఉన్నట్టుండి ఆగిపోయారు.

వెనక పెద్దమ్మ. టీ గ్లాసులు కడగడానికి వచ్చింది. బోరింగు కొట్టింది, గ్లాసులు కడిగింది, తట్టలో బోర్లించుకుని పోయింది.

మరుసటి ఆదివారం సాక్ష్యాలు అనగానే అందరూ అలవాటుగా ఆమె వైపు చూశారు. లేవలేదు. ఆ తర్వాతి వారం కూడా అంతే. నాలుగో వారానికి ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు... రూతమ్మ విశ్వాసం చల్లబడిందట. ఆమె కోసం అందరూ మోకాళ్ల మీద ప్రార్థన చెయ్యాలన్నారు పాస్టరుగారు. చేశాం. ఆమె అక్కడే, చాప చివర తలొంచుకుని కూర్చుంది. అసలు సంగతి పెద్దవాళ్లెవరికీ తెలియదు. తెలిసిన పిల్లలం నోరు విప్పలేదు. ఆమెన్ అనడానికి మాత్రం విప్పాం... అందరికంటే గట్టిగా నేను.

ఆ శుక్రవారం ఆమె ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. దుఃఖంలో ఉన్నవాళ్ల ఇంటికి పోయి, వాక్యం చదివి, పాట పాడి, ధైర్యం చెప్పే కూడిక. అమ్మ నన్నూ లాక్కుపోయింది. పాస్టరుగారు సూటిగానే అడిగారు.

"ఎవరన్న ఏమన్న అన్నరా అమ్మా?"

పెద్దమ్మ తలెత్తింది. ఎదురుగా నేను, చేతిలో సగం తిన్న అరటిపండు.

"ఎవ్వరేమంటరు అయ్యగారూ... గొంతు బాగలేదు, గంతే."

నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మిగతా సగం తినేశాను. ఇంకో పండు కూడా తీసుకున్నాను.

అందరూ చెప్పులు వేసుకుంటుంటే నా భుజం మీద చెయ్యి పడింది. ఇక దెబ్బ తప్పదని మెడ ముడుచుకున్నాను.

"నువ్వు గా గ్లాసెత్తి తాగినవ్ సూడు కొడుకా... మా ఆయన గూడ గట్లనే సప్పుడు జేసుకుంట తాగుతుండె."

గొంతులో కోపం లేదు. క్షమించమని అడగాలన్న బుద్ధి నాకూ లేదు. చెప్పులు చేతబట్టుకుని ఉరికాను.

ఆ ఆదివారం పెద్దమ్మ లేచింది. కామెర్లు, బస్సు, దిగేసరికి ఆయన లేకపోవడం, నా దేవుడు నన్ను ఇడిసిపెట్టలే... కూర్చుంది. నీళ్ల మాట లేదు. సాక్ష్యం ఈసారి పొందికగా ఉందని పాస్టరుగారు మెచ్చుకున్నారు. మేం ఊరు వదిలేదాకా ఆమె అట్లాగే చెప్పింది. అసలు ఏ మాట చెప్పుకోవడానికి అన్ని ఆదివారాలు లేచిందో ఆ మాటే మింగేసింది. మింగించిన ఘనత నాది.

ఇప్పుడు మేం ఉంటున్న ఖానాపురం హవేలిలో, మేం పోయే చర్చికి ఏసీ ఉంది. సాక్ష్యానికి రెండు నిమిషాలు, ముందే పేరివ్వాలి, వెనక కీబోర్డు మోగుతుంటుంది. పోయినేడు నాన్న పోయాక నేనూ పేరిచ్చాను. మైకు పట్టుకుని, అందరూ అనే నాలుగు మాటలే అని దిగిపోయాను. ఆఖరిరోజు నాన్న ఫోన్ చేస్తే, మళ్లీ చేద్దాంలే అని ఎత్తలేదన్న మాట మాత్రం నోట రాలేదు. అలాంటి మాట జనంలో అనడానికి ఎంత గుండె కావాలో అప్పుడు తెలిసింది...

పెద్దమ్మ పాల్వంచలో బిడ్డ దగ్గర ఉందట. ఈ ఆదివారం పోతున్నా. ముందు క్షమించమని అడుగుతా. ఆ తర్వాత ఒక్కసారి, ఏదీ వదలకుండా మొత్తం చెప్పమని అడుగుతా. చెప్తదో లేదో...

ఒకే దుఃఖాన్ని వారం వారం చెప్పుకుంటే వినే తీరిక ఆ రేకుల కింద ఉండేది. ఏసీ కింద లేదు. మీ ఊళ్లోనూ అట్లా చెప్పుకునే మనిషి ఒకరు ఉండే ఉంటారు... కింద రాయండి. మీరు నవ్వి ఉంటే, అది కూడా దాచకుండా రాయండి.