వాబా గోతిలోంచి వచ్చిన జవాబు

దయ్యాలంటే నాకు నవ్వు. ప్రొద్దుటూరు బట్టల కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. చేత్తో పట్టి చూడని సరుకును ఒప్పుకునే రకం కాదు. ఇప్పుడు సౌదీలో, జెద్దా షరఫియా బజారులో ఒక బట్టల కొట్టు చూసుకుంటున్నా. జరిగింది జరిగినట్టు చెప్తా, ఏమనుకుంటారో మీ ఇష్టం.

పోయిన చలికాలం ఒక శుక్రవారం నా బామ్మర్ది సుధీర్, తాయిఫ్ దాటాక ఎడారిలో ఉన్న వాబా గొయ్యి చూపిస్తానని లాక్కెళ్ళాడు. వాడు జియాలజిస్టు. రాళ్ళ వెంట నడవడమే వాడి ఉద్యోగం, వాడి సంతోషం.

పెద్ద గొయ్యి. చుట్టూ నల్లరాయి, అడుగున తెల్లటి ఉప్పు పొర. ఎప్పుడో కిందనుంచి ఎగదన్నిన లావా భూమిలోని నీళ్ళకు తగిలి, ఆవిరి పుట్టి, ఒక్కసారిగా పేలిందట. అందుకే కొండ లేదు, గొయ్యే ఉంది.

"అంటే సరుకు పోయి గోదాం మిగిలిందన్నమాట" అన్నా.

"నీకు చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే బావా. దిగుదాం రా."

"సున్నం చూడ్డానికి అంత కిందికా? నువ్వు పోయిరా."

నిజానికి నా మోకాళ్ళకు భయం. ఫ్లాస్కులో టీ కూడా ఉంది. వాడొక్కడే దిగాడు.

చాలాసేపయినా రాలేదు. అంచున నిలబడి పేరుపెట్టి గట్టిగా పిలిచా. దారి బండల వెనక్కి తిరిగి పోతుంది, మనిషి కనపడడు. కానీ జవాబు స్పష్టంగా వచ్చింది. వాడి గొంతే, మా ఊరి సాగదీతతో సహా.

"వస్తాండా, నువ్వు కూర్చో."

కూర్చున్నా. ఆ మాట నాకు అనుకూలంగా ఉంది మరి. ఇంకోసారి పిలిచి ఖాయం చేసుకోలేదు. కార్లో సీటు వాల్చి కునుకు కూడా తీశా.

లేచేసరికి గోతి అడుగంతా నీడ. అప్పుడు దిగా. సగం దారిలో, బండ కింద పడున్నాడు. కాలు విరిగి, పాదం నల్లబడింది. పెదాలు పగిలిపోయాయి.

"ఇంతసేపా బావా? వస్తాండా అంటివే!"

పడగానే అరిచాడట. పైనుంచి నా గొంతు వినిపించిందట: "వస్తాండా, నువ్వు కూర్చో." దాంతో అరవడం మానేసి నాకోసం కూర్చున్నాడు. నేను పేరుపెట్టి పిలిచింది వాడికి వినపడలేదు. వాడి అరుపు నాకు వినపడలేదు.

గొయ్యి చూడ్డానికొచ్చిన సౌదీ కుటుంబంలోని మగవాళ్ళు దుప్పట్లో మోసి పైకి చేర్చారు. ఇంకాస్త ముందు తెచ్చుంటే పాదం దక్కేదని తాయిఫ్‌లో డాక్టరు అన్నాడు. సుధీర్ ఇప్పుడు ఆఫీసు కుర్చీలో, ఎవరో ఏరుకొచ్చిన రాళ్ళు చూస్తున్నాడు.

ప్రతిధ్వనేమోరా అంటే, అది అన్న మాటనే తిప్పి పంపుతుంది, కొత్తమాట పుట్టించదు అన్నాడు. ఆ రోజు అక్కడ మేమిద్దరం తప్ప తెలుగువాళ్ళెవరూ లేరు.

ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ అంతుబట్టలేదు. నేను అనలేదని వాడికి ఒట్టేసి చెప్పా, వాడు నమ్మాడు. వస్తున్నానన్న ఆ మాట నేను అనలేదు. అనాల్సింది మాత్రం నేనే.